నా పేరు మీది గొర్రె

మా నాయిన పర్వతాలు తాను ఎవరికీ భయపడనని ఊరంతా చెప్పుకునేవాడు. అది పచ్చి అబద్ధం. ఆయన ఇద్దరికి భయపడేవాడు. ఒకరు కురుమల దేవుడు బీరప్ప, రెండో మనిషి మా అమ్మను కన్న జంగమ్మ. దేవుడు గుడి దాటి రాడు కాబట్టి ఆయనతో ఎలాగో నెట్టుకొచ్చాడు. జంగమ్మ ఒకచోట కూర్చునే రకం కాదు. అందుకేనేమో, నాకు నడక రాకముందే మేత కోసమని మందను తోలుకొని డిండి వాగు వైపు వెళ్ళినవాడు మళ్ళీ మర్రిగూడ వైపు మొహం తిప్పలేదు.

కురుమలు మేతకు పోవడం వింత కాదు. మాది మెట్ట నేల. గడ్డి ఎండగానే మందలు వాగు దిక్కుకు కదులుతాయి, తొలకరి పడగానే తిరిగొస్తాయి. ఆ ఏడు అందరి మందలూ వచ్చాయి, మాది తప్ప. మా అమ్మ సత్తమ్మ నన్ను చంకనేసుకొని ఊరి బయట బండరాయి మీద నిలబడి, దూరంగా దుమ్ము లేచినప్పుడల్లా "గదే మనది" అనేదట. దగ్గరికొచ్చాక చూస్తే ఇంకొకరిది. చివరికి ఆ మందల వాళ్ళే చెప్పారు. వాగు అవతల ఊళ్ళో యాదలక్ష్మి అనే ఆమె ఇంట్లో పర్వతాలు కాపురం పెట్టాడనీ, ఆమె గొర్రెలూ మా గొర్రెలూ ఒకే దొడ్లో ఉంటున్నాయనీ, మనిషి కాస్త ఒళ్ళు కూడా చేశాడనీ చెప్పారు.

"ఒల్లు చేసిండా?" అంది మా అవ్వ జంగమ్మ. "మంచిదే. సచ్చినోన్ని అడిగితే ఏమొస్తది? బాగున్నోన్నే అడుగాలె."

మా అమ్మ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు లేచి మొహం కడుక్కుంది. "మొగడు పోతే పోయిండు. నా బిడ్డ గొర్రె నాకు కావాలె" అంది.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే కథ నడవదు. ఇంట్లో బిడ్డ పుట్టిందంటే కురుమలం మందలోంచి ఒక ఆడ గొర్రెపిల్లను బిడ్డ పేరు మీద వదులుతాం. దానికి గుర్తుగా చెవి కోస్తాం. ఆ కోత ఒక్కో ఇంటిది ఒక్కో తీరు. మా ఇంట్లో కుడి చెవి కొసను రెండుగా చీలుస్తారు. ఆ పిల్ల పెరిగి ఈనితే ఆ సంతానం బిడ్డదే, వాటి సంతానమూ బిడ్డదే. బిడ్డ సొమ్మును అమ్ముకున్నా, దాని చెవి కోత మార్చినా మంద మొత్తానికి గాలికుంటు రోగం తగిలి ఊడ్చుకుపోతుందని మా వాళ్ళ నమ్మకం. నేను పుట్టినప్పుడు మా నాయిన తెల్ల మొహం పిల్లనొకదాన్ని ఏరి, తన చేత్తోనే చెవి చీల్చి, దాని నుదుట బండారి పెట్టి, "గిది నా బిడ్డ నర్సింగమ్మది" అని బీరప్ప ముందు చెప్పాడు. బండారి అంటే దేవుడి పసుపు. దాన్ని ముట్టుకొని అబద్ధమాడిన కురుమ ఇంతవరకు పుట్టలేదు. ఆ పిల్లకు బొల్లి అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఒక్క గొర్రెకు ఇంత పట్టు ఎందుకని ఇవాళ్టి వాళ్ళు అడగొచ్చు. మంద ఉన్న కురుమను రైతులు పిలిచి మరీ చేలో మంద పెట్టించుకుంటారు, ఎరువుకు బదులు జొన్నలు కొలుస్తారు. మంద లేని కురుమ వేరేవాళ్ళ చేలో వంగాల్సిందే. మా అమ్మ కూలికి వంగేది, అవ్వ ఇంకొకరి ఉన్ని వడికేది. అయినా పొద్దున గటక తాగితే రాత్రికి ఉంటుందో లేదో తెలియని ఇల్లు మాది. గొర్రె తోక బెత్తెడే అంటారు కదా, మా బతుకు అంతే ఉండేది. బొల్లి చేతికొస్తే నాలుగేళ్ళలో చిన్న మంద అవుతుంది, బిడ్డ కడుపు నిండుతుంది. మా అమ్మ లెక్క అంతే.

మొదట ఆమె దొర గడీకి వెళ్ళింది. అప్పటికి ఇంకా దొర రాజ్యమే. గడప దగ్గర గుమాస్తా ఆపాడు.

"దొర ముంగటికి వట్టి చేతులతోని వస్తరా? నజరానా ఏది?"

"గరీబుదాన్ని, నీ బాంచెన్. ఏం తేవాలె?"

"కురుమోల్ల నజరానా గొర్రెనే గద."

"నా గొర్రె నాకు ఇప్పియ్యమని అడుగనీకే వచ్చిన, సారూ."

"గట్లయితే పోయి ఒక గొర్రెను తెచ్చుకో. అప్పుడు దొర నీ గొర్రె సంగతి ఇంటడు."

మా అమ్మ ఇంటికొచ్చి ఇది చెప్తే అవ్వ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుందట. తరవాత వెళ్ళి గడీ వైపు తిరిగి దుమ్మెత్తి పోసిందట.

ఆ దుమ్ము తగిలిందో ఏమో, రెండేళ్ళు తిరక్కుండానే దొర పెట్టే బేడా సర్దుకొని హైదరాబాదు పారిపోయాడు. ఊళ్ళోకి సంఘం వచ్చింది. ఎర్ర గుడ్డలు, గుత్ప కర్రలు, పాటలు. వెట్టి పోయింది. దొర కూర్చునే అరుగు మీదే సంఘం పెద్ద సోమన్న కూర్చొని పంచాయితీలు చేసేవాడు. సోమన్న మంచి మనిషి, నజరానా అడగడు. ఆయనకున్న లోపమల్లా ఒక్కటే, ఎవరైనా బాగా మాట్లాడితే నమ్మేస్తాడు.

మా అమ్మ చెప్పింది విని సోమన్నకు కోపమొచ్చింది. "కన్న బిడ్డ నోటికాడి బువ్వ తింటడా? పిలువుండ్రి వాన్ని!" అని వాగు అవతలికి కబురు పెట్టాడు.

మా నాయిన వచ్చాడు. ఎలా వచ్చాడనుకున్నారు? తలకు ఎర్ర గుడ్డ చుట్టుకొని, భుజాన గుత్ప పెట్టుకొని, పిడికిలి ఎత్తి దండం పెడుతూ వచ్చాడు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. అరుగు ముందు నిలబడి కాసేపు తల దించుకొని, గొంతు బొంగురు చేసుకొని మొదలుపెట్టాడు.

"అన్నలారా, తప్పు నాదే. నా బిడ్డ గొర్రె నా దగ్గర లేదు. అడవిల దళం ఆకలితోని ఉంటే సూడలేకపోయిన. మందకు మంద తోలిచ్చిన. నా బిడ్డ పేరు మీదిది గూడ ఆపుకోలే. నా బిడ్డ ఒక్క పూట పస్తుంటే ఏమాయె, పదిమంది బిడ్డల కోసం కొట్లాడేటోల్లు తినాలె గద అనుకున్న. గది తప్పయితే నన్ను కొట్టుండ్రి."

ఇంకెక్కడి కొట్టడం! అరుగు చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. సోమన్న కళ్ళ నీళ్ళు పెట్టుకొని దిగి వచ్చి ఆయన్ను కావిలించుకున్నాడు. ఎవరో బంతిపూల దండ కూడా తెచ్చి వేశారు. బిడ్డ సొమ్ము ఎగ్గొట్టినవాడిగా వచ్చిన మనిషి పొద్దు గూకేసరికి త్యాగమూర్తి అయిపోయాడు. అన్నిటికంటే మా అమ్మకు ఒళ్ళు మండించింది ఇంకొకటి. అంత గొప్పవాడికి అన్నం ఎక్కడ పెట్టాలి? పెళ్ళాం ఇంట్లోనే కదా! సంఘం వాళ్ళే బియ్యం పంపించారు.

ఆయన దండ తియ్యకుండానే తిన్నాడు. నేను స్తంభం వెనక నుంచి చూస్తున్నాను. నాయినను చూడటం నాకు బుద్ధి తెలిశాక అదే మొదలు. ఎంత అందగాడో! నాకు ఆ పూట కోపం రాలేదు, దగ్గరికి పిలిస్తే బాగుండుననిపించింది. ఆయన నన్ను చూడకుండా తినడంలోనే మునిగిపోయాడు.

మా అవ్వ వడ్డిస్తూ మెల్లగా అడిగింది. "అల్లుడా, బొల్లిది ఎట్లుండె?"

"బంగారమసొంటి గొర్రె, అత్తా. ఈత ఈతకు జంట పిల్లలు. గీ ఏడు గూడ రెండూ ఆడియే..." అన్నాడు మా నాయిన, నోటి నిండా అన్నంతో.

అన్నాక ముద్ద గొంతులో అడ్డం పడింది. అవ్వ నీళ్ళ చెంబు ఇచ్చింది. ఆ మాటను తెల్లారి అరుగు మీద అనాలని దాచుకుంది. ఆమె లేచేసరికి అల్లుడు లేడు, దండ మాత్రం గుంజకు వేలాడుతోంది. సోమన్న దగ్గరికి పోదామంటే ఆ వారమే రజాకార్లు పక్క ఊరి మీద పడ్డారు. మేమంతా గుట్టలెక్కి దాక్కున్నాం. మా పక్కింటివాళ్ళ కొట్టం కాలిపోయింది. ఊళ్ళో ఇద్దరు చచ్చిపోయారు. ఆ ఎండాకాలమంతా ప్రాణం గురించి తప్ప గొర్రె గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు.

అయితే ఆ రోజు నుంచి మా అవ్వకు ఒక సంగతి ఖాయమైంది. బొల్లి బతికే ఉంది, ఈనుతూనే ఉంది.

వానాకాలం చివర పోలీసు యాక్షన్ అయింది. నిజాం జెండా దిగింది, రజాకార్లు మాయమయ్యారు. ఊరు కాస్త ఊపిరి పీల్చుకునేలోపు యూనియన్ మిలిట్రీ వచ్చి మర్రిగూడ దగ్గర క్యాంపు వేసింది. ఇప్పుడు వాళ్ళు సంఘం వాళ్ళ కోసం వెతకడం మొదలుపెట్టారు. సోమన్న అడవి పట్టాడు. న్యాయం చేసే కొత్త సర్కారు వచ్చిందని ఎవరో అంటే మా అమ్మ ఆ క్యాంపుకు కూడా వెళ్ళింది.

టెంటులో ఆఫీసరు ఉన్నాడు. ఆయన మాట మా వాళ్ళకు రాదు, మా మాట ఆయనకు రాదు. మధ్యలో తెలుగు వచ్చిన జవాను ఒకడు నిలబడ్డాడు.

"నీ పెనిమిటి ఎక్కడున్నాడు?" అని అడిగించాడు ఆఫీసరు.

"ఏమో సారూ. ఇల్లిడిచిపెట్టి పోయిండు. ఏండ్లాయె. అడవులు పట్టుకొని తిరుగుతడు."

ఆఫీసరు నిటారుగా కూర్చున్నాడు. మా అమ్మకు కుర్చీ వేయించాడు. చాయ్ తెప్పించాడు. మా అమ్మ జన్మలో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదటిసారి. కొత్త సర్కారు ఎంత మర్యాద గలదో అనుకుంటూ ఊదుకొని ఊదుకొని చాయ్ తాగింది.

"ఆయన వెంట ఎంతమంది ఉంటారు?"

"మస్తుగుంటయి సారూ. మందే."

"సంఘం మీటింగుకు వచ్చాడా?"

"వచ్చిండు. ఎర్ర గుడ్డ కట్టుకొని వచ్చిండు. దండ గూడ ఏసిండ్రు."

ఆఫీసరు కలం మూత తీశాడు. అప్పుడు చూసింది మా అమ్మ, టెంటు బయట జవాన్లు తుపాకులు సర్దుకోవడం.  ఆ మొగుడు తన బతుకు బుగ్గి చేసిన మాట నిజమే. ఒక్క మాట అంటే చాలు, వాగు అవతలికి జీపు పోతుంది. ఆమె గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది.

"సారూ, మీరు ఏమనుకుంటున్నరో! దళంల చేరెటంత గుండె మా ఆయనకు లేదు. గొర్లు కాసుకునేటోడు. వెంట ఉండేటివి గొర్లు. మా అమ్మకు భయపడి ఊరిడిచిపోయిన మొగోడు సర్కారు మీదికి ఎట్లొస్తడు, నువ్వే చెప్పు!"

జవాను ఆ మాట చెప్పలేక ముందు తానే నవ్వాడు. చెప్పాక ఆఫీసరూ నవ్వాడు. వచ్చింది గొర్రె పంచాయితీ కోసమని తెలిశాక కుర్చీ తీయించేశాడు.

ఇంటికొచ్చి మా అమ్మ జరిగిందంతా చెప్పింది. "ఒక్క మాట జారితే ఆయన పాణం పోతుండె, అమ్మా."

"పోతే పోయేది గద!" అంది అవ్వ.

"పోతే నా బిడ్డ గొర్రెను ఎవడిస్తడు?"

మా అవ్వ కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ మాటలో గొర్రె ఎంత ఉందో, మొగుడు ఎంత ఉన్నాడో ఆమెకు తెలుసు.  వడికే కదురు పక్కన పెట్టి, "దొర అడిగిండు, సంఘం అడిగింది, మిలిట్రోడు అడిగిండు" అంది. "అందరు మనుషులను అడిగేటోల్లే. గొర్లను ఎవ్వడన్న అడిగిండా?"

"గొర్లు ఏం చెప్తయే?"

"చెవులు చెప్తయి. మాఘమాసం రానియ్యి. కత్తెర పట్టుకొని పోదాం."

మాఘంలో ఉన్ని కత్తిరిస్తారు. ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదది. ఒకరి మందకు అందరూ వచ్చి సాయం పడతారు. ఎక్కడి కురుమ అయినా సరే, కత్తెర చేతబట్టి వచ్చి నిలబడితే కూర్చోబెట్టి పని ఇవ్వాలి, అన్నం పెట్టాలి, ఇంత ఉన్ని పంచాలి. పగవాడైనా ఆ రోజు కాదనకూడదు. వెళ్ళగొడితే ఆ ఇంటికి మరుసటేడు ఒక్క కత్తెరా రాదు.

అవ్వ తమ్ముడు ఐలేశం తాతకు ఉన్ని కత్తిరించడంలో మా వైపు మంచి పేరు. ఆయన కత్తెరను గుడ్డలో చుట్టుకొని నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. అమ్మా అవ్వా ఉన్ని ఏరే గంపలు పట్టుకున్నారు. దారిలో పోలీసులు ఆపి కత్తెరను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఆయుధమా పనిముట్టా అని తమలో తామే తగవులాడుకొని వదిలేశారు. నాకైతే ఆ ప్రయాణం జాతరకు పోతున్నట్టే ఉంది. తాత భుజాల మీద నుంచి లోకమంతా కనబడుతోంది.

కత్తిరించే ముందు గొర్రెలను కడుగుతారు. మేము చేరేసరికి డిండి వాగులో అదే జరుగుతోంది. ఎండ పడి నీళ్ళు మెరుస్తున్నాయి. గొర్రెలు అరుస్తున్నాయి, మనుషులు అంతకంటే గట్టిగా అరుస్తున్నారు. నడుము లోతు నీళ్ళలో ఒక పొట్టేలును వాటేసుకొని రుద్దుతూ, ఏదో పాట పాడుతూ మా నాయిన కనబడ్డాడు. తల ఎత్తాడు. గట్టు మీద నడుం మీద చేతులు పెట్టుకొని మా అవ్వ నిలబడి ఉంది. పాట ఆగిపోయింది. చేతిలోని పొట్టేలు జారి గట్టెక్కి ఒళ్ళు విదిలించి మా అందరి మీదా నీళ్ళు చల్లింది.

"కత్తెరకు వచ్చినం, అల్లుడా" అన్నాడు ఐలేశం తాత, గుడ్డ విప్పి కత్తెర చూపిస్తూ.

చుట్టూ అంతమంది కులపోళ్ళు. మా నాయిన "రాండ్రి" అన్నాడు. తేలు కుట్టిన దొంగకు అంతకంటే ఏ మాట వస్తుంది?

యాదలక్ష్మి ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. గలగలా మాట్లాడే మనిషి, చేయి విశాలం. మేమెవరమో ఆమెకు తెలియదు. నన్ను చూడగానే ఎత్తుకొని ఉడికించిన శనగల గుడాలు దోసిలి నిండా పోసింది. "ఎవ్వరి పిల్ల? కండ్లు ఎక్కడనో చూసినట్టే ఉన్నయి" అంది.

"మీ ఇంటాయనకు దగ్గరి చుట్టమే" అంది అవ్వ.

పని మొదలైంది. ఐలేశం తాత కత్తెర ఆడిస్తుంటే ఉన్ని గొంగడి మడతల్లా ఊడి పడుతోంది. అవ్వా అమ్మా పక్కన కూర్చొని ఏరుతున్నారు. బొచ్చు పోయిన గొర్రెకు చెవులు బాగా బయటపడతాయి. మొదటి గొర్రె చెవి మామూలుగానే ఉంది. రెండోదీ అంతే. మూడోదాని కుడి చెవి కొస రెండుగా చీలి ఉంది. మా అమ్మ చేతిలోని ఉన్ని జారిపోయింది. ఆ తరవాతిదీ చీలికే. దాని వెనకదీ చీలికే. అమ్మ అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మా నాయిన వచ్చి హడావుడిగా చీలిక చెవి గొర్రెలను పక్కకు తోలడం మొదలుపెట్టాడు. "గవి తర్వాత, మామా. గవి తర్వాత కత్తిరిద్దాం."

"అవును పెద్దాయనా, గవి వేరే" అంది యాదలక్ష్మి, కల్లు ముంత అందిస్తూ. "గవి దేవుని గొర్లు. అమ్మనియ్యడు, ఎవ్వరికీ ఇయ్యనియ్యడు. మా అన్న పెండ్లికి ఒక్కటి అడిగితే గూడ ఒద్దంటె ఒద్దన్నడు. పిల్ల పుట్టిందంటే సాలు, పాలు తాగకముందే చెవి చీల్చి బండారి పెడతడు. గంత భక్తి మా ఆయనకు."

అవ్వ ఉన్ని ఏరడం ఆపింది. "ఏ దేవుడు బిడ్డా?"

"బీరప్ప అంటడు. మా దిక్కు గీ చీలిక లేదు, మేము చెవికి తూటు పెడతం. మీ దిక్కు దేవునికి గిట్లనే కోస్తరట గద?"

అవ్వ లేచింది. కొంగున ముడి వేసి తెచ్చుకున్న బండారి విప్పింది. ఆ గొర్రెల మధ్యలోకి నడిచి ఒక ముసలిదాన్ని మెడ పట్టుకొని ముందుకు తెచ్చింది. తెల్ల మొహం. ముందు పళ్ళు ఊడిపోయాయి. బొల్లి! ఆ పసుపును అల్లుడి తడి అరచేతిలో పోసి అడిగింది.

"దొర మాకు జవాబు చెప్పలే. సంఘానికి నువ్వు చెప్పింది మేం విన్నం. గిప్పుడు బీరప్పకు చెప్పు, అల్లుడా. గిది ఎవ్వరిది?"

కత్తెరలన్నీ ఆగిపోయాయి. మా నాయిన నీళ్ళు కారుతూ నిలబడ్డాడు. చేతిలో పసుపు కరిగి వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. ఆయన మొహంలో ఎన్ని అబద్ధాలు వచ్చి పోయాయో నేను చూశాను. ఒక్కటీ నోటి దాకా రాలేదు.

"నా బిడ్డది" అన్నాడు చివరికి.  "నర్సింగమ్మది. గవన్ని దానియే."

"నీకు బిడ్డ ఉన్నదా?" అంది యాదలక్ష్మి.

ఆయన చెయ్యి ఎత్తి నన్ను చూపించాడు. నేను బుగ్గల నిండా గుడాలు కుక్కుకొని నములుతున్నాను. యాదలక్ష్మి నా కళ్ళలోకి చూసి, ఆయన కళ్ళలోకి చూసి, మా అమ్మ వైపు తిరిగింది.

"మరి నువ్వు..."

"సత్తమ్మ."

"పెండ్లాం సచ్చిపోయిందన్నడు!"

"సచ్చుడు జర ఆలస్యమైంది, చెల్లె" అంది మా అమ్మ.

 యాదలక్ష్మి పెదవులు అదిరాయి, ఏడుస్తుందనుకున్నాను. కానీ లోపలి నుంచి నవ్వు పొంగుకొచ్చింది. ఆ నవ్వు మా అమ్మకు అంటుకుంది, అవ్వకు అంటుకుంది. అమ్మా యాదలక్ష్మీ ఒకరి భుజం ఒకరు పట్టుకొని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ నీళ్ళన్నీ నవ్వువే అని మాత్రం నేను చెప్పను.

యాదలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకొని వెళ్ళి దొడ్డి తడిక తీసేసింది. "ఎవ్వరి సొమ్ము వాల్లు తోలుకపోవాలె. బిడ్డ సొమ్ము ఉన్న దొడ్డి నాకు వద్దు. చీలిక చెవియి గటు, తక్కినయి గిటు!"

గొర్రెలు విడిపోతుంటే అసలు సంగతి బయటపడింది. అటు పోయేవి పోతూనే ఉన్నాయి. ఇటు ఉండాల్సినవి కొద్దిగానే మిగిలాయి. బొల్లి ఈనింది, బొల్లి కూతుళ్ళు ఈనాయి, మనవరాళ్ళు ఈనాయి. మా నాయిన ఏ ఒక్కదాని చెవీ తప్పించలేదు. దొర భయం లేదు, సంఘం భయం లేదు, పెళ్ళాం కన్నీళ్ళ భయం అసలే లేదు, గాలికుంటు భయం మాత్రం ఆయన చేత నా సొమ్మును కంటికి రెప్పలా కాపాడించింది. మొదటి ఏడే బొల్లినొక్కదాన్ని తెచ్చి కట్టేసి ఉంటే పోయేది. ఎగ్గొట్టిన కొద్దీ అది పెరిగింది, పెరిగిన కొద్దీ ఇవ్వబుద్ధి కాలేదు. ఇంతకాలం ఆయన నాకు జీతం లేని కాపరిగా పనిచేశాడు!

"దళానికి ఇచ్చిన అన్నవంట గద, పర్వతాలూ?" అని ఎవరో అరిచారు. వాగంతా నవ్వింది.

"మరి బొల్లి ఈనిన పొట్టేళ్ళేవి?" అడిగాడు ఐలేశం తాత.

"పండుగ పండుగకు దేవుని పేరు మీద కోసిండు" అంది యాదలక్ష్మి. "మొదటి గిన్నె ఆయనకే."

కులపెద్ద తప్పు, అంటే జరిమానా, కట్టమన్నాడు. మా అమ్మ అడ్డం వచ్చింది. అప్పటిదాకా ఆయన మొహం చూడకుండా మాట్లాడుతున్నది, ఇప్పుడు నేరుగా చూసింది.

"తప్పు ఒద్దు. తిన్నవి కడుపుల పోయినయి. నర్సి నాయినా, నువ్వు మా ఇంట్ల ఉండమని అడుగుతలేను. నాకు ఏమొద్దు. గీ పిల్ల పెండ్లి అయ్యేదాక ఏటేటా మాఘంల కత్తెర పట్టుకొని రావాలె. దాని గొర్లకు నువ్వే బొచ్చు తియ్యాలె. బువ్వ పెడత. అందరికి ఇచ్చినంత ఉన్ని ఇస్త. ఏడాదికి ఒక్కనాడన్న బిడ్డ నాయిన మొకం చూడాలె."

మా నాయిన తల ఊపాడు. తల ఊపి, వంగి, పుట్టి వారమైనా కాని ఒక గొర్రెపిల్లను ఎత్తుకున్నాడు. దాని చెవి ఇంకా కోయలేదు. ఐలేశం తాత కత్తెర అడిగి తీసుకొని, కొసను చీల్చి, చేతికంటిన బండారిని దాని నుదుట రాసి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "పట్టుకో బిడ్డా. గిది గూడ నీదే" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది. ఆ గొర్రెపిల్ల తడిగా, వెచ్చగా ఉంది. నేను దాన్నీ వదల్లేదు, ఆయన వేలునూ వదల్లేదు. చివరికి అవ్వే వచ్చి వేలు విడిపించింది.

సాయంత్రం మా మంద దుమ్ము లేపుకుంటూ మర్రిగూడ దారి పట్టింది. మా అమ్మ ముందు నడిచింది. ఊరి బయట బండరాయి దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఆ దుమ్మునంతా చూసి, "గదే మనది" అంది. ఆ ఏడు ఎండాకాలం పోకముందే మా ఇంట్లో జొన్నలకు గుమ్మి కట్టాల్సి వచ్చింది.

నాయిన మాట తప్పలేదు. ఏటా మాఘంలో వచ్చేవాడు. యాదలక్ష్మి చిన్నమ్మ ఆయన వెంట నాకు బెల్లం పంపేది, ఒకోసారి ఆయన రానంటాడేమోనని తానే వెంట వచ్చేది. మా అమ్మ ఆయనకు అందరితో పాటే అన్నం పెట్టేది, అందరికీ ఇచ్చినంతే ఉన్ని ఇచ్చేది, ఒక్క పిడికెడు ఎక్కువ ఇచ్చేది కాదు. ఆ పిడికెడు నేను వేసేదాన్ని. అమ్మ అప్పుడు సరిగ్గా ఇంకో వైపు చూసేది.

నా పెళ్ళయింది. ఒప్పందం తీరింది. ఆ తరవాతి మాఘంలో నేను పురిటికి అమ్మ ఇంట్లోనే ఉన్నాను, బిడ్డ పుట్టి కొన్ని రోజులే అయింది. ఇక ఆయన రావలసిన పని లేదు. మధ్యాహ్నం వాకిట్లో దగ్గు వినబడింది. జుట్టు నెరిసింది, ఒళ్ళు తగ్గింది, భుజాన గుడ్డలో చుట్టిన కత్తెర ఉంది. గడప దాటకుండా నిలబడి అడిగాడు.

"కత్తెర పట్టుకొని వచ్చినోన్ని కాదంటవా, బిడ్డా?"

నేను కాదనలేదు. నా బిడ్డ పేరు మీద వదలాల్సిన పిల్లను ఏరి పెట్టుకున్నాం, అదీ బొల్లి వంశమే, అదీ తెల్ల మొహమే. దాని చెవి ఎవరు కోయాలా అని అప్పటిదాకా అనుకుంటున్నాం. తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. ముసలి చేతులైనా కోత తిన్నగానే పడింది. మా అమ్మ బండారి గిన్నె తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"నుదుటికి మంచిగ పెట్టు, నర్సి నాయినా" అంది. "పెట్టి గీడనే ఇడిసిపెట్టు. మల్లా మేతకని తోలుకపోయేవు!"